ఆ పాటలో లేని ఊపిరి

మాస్టారు ముప్పై ఏళ్లు పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఆ పాఠాలు గుర్తున్నవాళ్లు ఎంతమందో తెలియదు గానీ, హెడ్‌ఫోన్స్ పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం ఆయన ఏం రాస్తాడా అని కాచుక్కూచునేవాళ్లు. ఇంటర్నెట్‌లో ఆయనకో పేజీ ఉంది. కంపెనీలు పంపిన యాంప్లిఫయర్లు, వాటి ముందు తగిలించే ప్రీయాంపులు ఒక్కొక్కటే విని ఉన్నదున్నట్టు రాసేవాడు. ఉన్నదున్నట్టు అంటే చాలావరకు తిట్లే. "మీ పాత డబ్బాలో వినపడనిది ఇందులోనూ వినపడదు. మూత మాత్రం బాగుంది. మూతని వినలేం కదా" అన్నది ఆయన వరస. పెద్ద యాంప్‌కి మారితే నిజంగా లాభం ఉందా అని ఎవరడిగినా ఏళ్ల తరబడి ఒకటే జవాబు. లేదు. అందుకే జనానికి ఆయనంటే గురి.

ఆ జవాబు ఒక్కసారే మారింది. అదీ భార్య పోయిన నెలలో.

ఆయన వినే పద్ధతి వేరు. కొత్తదనీ ఖరీదైనదనీ కంటికి తెలిస్తే చాలు, చెవి దానికి వంత పాడుతుందని ఆయన నమ్మకం. అందుకని పాత డబ్బా, కొత్త డబ్బా పక్కపక్కన టేబుల్ మీద పెట్టి, వాటికి వీపు తిప్పి, కళ్లు మూసుకుని కుర్చీలో కూర్చునేవాడు. వెనక నించుని స్విచ్ మార్చడం ఆవిడ పని. మార్చినప్పుడల్లా ఆయన కుడి భుజం మీద ఒక్కసారి తట్టేది. ఒక్కోసారి మార్చకుండానే తట్టేది. అప్పుడు కూడా "ఆహా, తేడా తెలుస్తోంది" అని రాసుకుంటే ఆయన దొరికిపోయినట్టే. అలా దొరికిన రోజున ఆవిడ సాయంత్రం దాకా నవ్వేది.

పరీక్షకి ఎప్పుడూ ఒకటే పాట. ఒకామె గొంతు, ఒక తీగ వాయిద్యం, అంతే. నాలుగు నిమిషాలు. గాయని ఎక్కడ గుటక మింగిందో, ఎక్కడ కుర్చీ కిర్రుమందో ఆయనకి కంఠతా వచ్చు.

"ఇన్నేళ్లు మీ వెనక నించున్నాను. ఒక్కరోజైనా ఆ పాట నాకు వినిపించారా?" అనేది ఆవిడ.

"నీకు అర్థం కాదులే" అనేవాడు. వేళాకోళానికే. కానీ ఎప్పుడూ వినిపించలేదు.

ఆ నెలలో ఆయన పేజీలో వచ్చిన నాలుగు ముక్కలు ఇవీ: "ఈ ఒక్కదానికి మారండి. మూడో చరణం మొదట్లో గాయని వెనక ఎవరో గట్టిగా ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఇరవై ఏళ్లుగా వింటున్న పాటలో ఇది నాకు కొత్త." ఇంకేముంది, జనం ఎగబడ్డారు. మాస్టారంతటివాడే మారమన్నాడంటే మాటలా?

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం బావమరిది ఫోన్ చేశాడు. ఆవిడకి ఒక్కడే తమ్ముడు. దర్జీ. మిషన్ మీద కూర్చుంటే పక్కన పాట ఉండాల్సిందే, లేకపోతే సూది నడవదు.

"బావా, కొనేశాను" అన్నాడు.

"ఏం కొన్నావయ్యా?"

"మీరు రాసిన యాంపే. అక్క ఉంటే చీవాట్లు పెట్టేది. ప్రీయాంపు కూడా ఉంటేగానీ లాభం లేదంటున్నాడు కొట్టువాడు. కొనమంటారా?"

"నీకేమన్నా మతిపోయిందా? అదేం వద్దు. ఉన్నదే తిరిగి ఇచ్చేసెయ్" అన్నాడు మాస్టారు.

అవతల ఇస్త్రీపెట్టె బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఎందుకు ఇవ్వడం? ఆ ఊపిరి ఉంది బావా. మూడో చరణంలో, సరిగ్గా మీరు రాసినచోటే ఉంది. విన్నప్పుడు ఎందుకో అక్క గుర్తొచ్చింది. రేపొకసారి రండి, కలిసి విందాం."

ఫోన్ పెట్టేశాక మాస్టారు తన పేజీ తెరిచి ఆ నాలుగు ముక్కలూ మళ్లీ చదివాడు. ఆ పాటలో ఊపిరి లేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆయనకొక్కడికే తెలుసు.

ఆవిడ పోయింది ఆ పరీక్షలోనే. పొద్దున్నే "ఇవాళ ఒంట్లో బాగాలేదండీ, రేపు చేసుకుందామా?" అంది. కంపెనీవాళ్లు తొందరపెడుతున్నారు, ఒక్క నాలుగు నిమిషాలేగా అన్నాడాయన. ఆవిడ ఇంకేం అనకుండా వచ్చి వెనక నించుంది. మూడో చరణం దగ్గర ఊపిరి వినిపించింది. ఆ రోజు ఆయన పెట్టుకున్నవి బయటి చప్పుళ్లు కాస్త లోపలికి రానిచ్చే రకం హెడ్‌ఫోన్స్. అది ఆయనకి తట్టలేదు. అబ్బ, ఇన్నాళ్లకి ఒక డబ్బా తేడా చూపించింది అని పొంగిపోయాడు. అంతలో భుజం మీద తట్టింది. మళ్లీ తట్టింది. ఇంకోసారి తట్టి, చెయ్యి తియ్యకుండా చొక్కా పట్టుకుంది. మంచి రసపట్టులో ఉండగా ఇదేం గోల అని, కళ్లు తెరవకుండానే కుడిచేతి చూపుడువేలు పైకెత్తాడు. ఆగు, అని.

చెయ్యి తీసేసింది. ఆ మాటా వింది.

పాట అయ్యాక కూడా ఆయన వెంటనే వెనక్కి తిరగలేదు. మరిచిపోతానేమోనని ముందు కాగితం మీద రాసుకున్నాడు. "ఊపిరి. స్పష్టంగా. కొత్త డబ్బా" అని రాసి, కింద గీత కూడా గీసి, అప్పుడు తిరిగాడు.

అందరికీ వంటింట్లో పడిపోయిందని చెప్పాడు. తను స్నానం చేస్తున్నానని చెప్పాడు. మూడు వారాల తర్వాత ఒక్కడే కూర్చుని అదే డబ్బాలో అదే పాట పెట్టుకుని పదిసార్లు విన్నాడు. ఊపిరి లేదు. ఎక్కడా లేదు. లేదని రాస్తే మరి ఆ రోజు విన్నది ఎవరిదో తనకి తను చెప్పుకోవాలి. అందుకని ఉందనే రాశాడు. సిగ్గుతో చచ్చిపోతూ రాశాడు, అయినా రాశాడు.

ఫోన్ వచ్చిన మర్నాడు మధ్యాహ్నం వెళ్లాడు. వెళ్లకుండా ఉండలేకపోయాడు. లేనిది వీడికి ఎలా వినిపించిందన్న ప్రశ్న తెల్లవార్లూ కంటి మీద కునుకు పడనివ్వలేదు.

బావమరిది కొట్టు ముందు తలుపు వేసి వెనకగదిలోకి తీసుకెళ్లాడు. కిటికీ లేని గది. మూడు గోడలకీ కొక్కేలు, కొక్కేలకి సగం కుట్టిన కోట్లు, చేతులు ఇంకా అతకని చొక్కాలు, పాదాల దాకా వేలాడే గౌన్లు. కింద గుడ్డల తాన్లు. కొత్తబట్ట వాసన, కాలిన ఇస్త్రీ వాసన, సుద్దపొడి. ఇంత గుడ్డ ఉన్నచోట చప్పుడు బతకదు. మాస్టారు దగ్గాడు. ఆ దగ్గు నోటి దగ్గరే ఆగిపోయింది. వీధిలో బళ్లు పోతున్నట్టే లేదు. ఒకటే బల్బు, పసుపు పచ్చగా. దాని కింద నల్లటి యాంప్, ముందు చిన్న దీపం వెలుగుతూ.

"కూర్చోండి బావా."

కుర్చీ వెనకంతా వేలాడే బట్టలే. మాస్టారు కూర్చున్నాడు. బావమరిది మిషన్ ముందున్న స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"అక్క పోయినప్పుడు మీరు స్నానం చేస్తున్నారు కదూ?" అన్నాడు, పాట వెతుకుతూ.

"అవును. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఊరికే అడిగాను."

హెడ్‌ఫోన్స్ అందించాడు. చెవుల్ని పూర్తిగా కప్పేసే రకం. మాస్టారు చేత్తో తడిమి చూసుకున్నాడు. వీటిలోకి బయటి చప్పుడు రాదు. పక్కన పిడుగు పడ్డా రాదు. కాస్త ధైర్యం వచ్చింది. పెట్టుకున్నాడు. అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నాడు.

తీగ మోగింది. గాయని గొంతు సవరించుకుంది. మొదటి చరణం, తెలిసినదే. రెండోది, తెలిసినదే. కుర్చీ కిర్రుమంది. గుటక మింగింది. డబ్బాలో తేడా ఏమీ లేదు, పాతదానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. అదే ముందు రాసి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు.

మూడో చరణం...

ఊపిరి.

గాయని వెనక కాదు. దగ్గరగా. చెవి వెనక. బరువుగా లోపలికి లాగిన ఊపిరి... ఆగింది. మళ్లీ లాగింది. ఆ రోజు విన్నదానికంటే పొడుగ్గా ఉంది. ఆ రోజు ఆయన పాట వింటూ దీన్ని విన్నాడు. ఇప్పుడు పాట వెనక్కి పోయింది. ఇదే మిగిలింది.

తర్వాత ఇంకో చప్పుడు. మెత్తగా. గుడ్డ మీద అరచెయ్యి పడ్డ చప్పుడు.

ఒకటి.

రెండు...

భుజం మీద ఏమీ తగల్లేదు. చెవుల్లోనే ఉంది. మూడోది పడింది. తర్వాత చొక్కా ముడతపడుతున్న చప్పుడు, పిడికిట్లో... మెల్లగా... మెల్లగా...

మాస్టారు హెడ్‌ఫోన్స్ లాగి ఒళ్లో పడేశాడు. బావమరిది కదలకుండా స్టూలు మీదే ఉన్నాడు, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని. కుర్చీ వెనక బట్టలు కూడా కదలడం లేదు.

"విన్నారా?"

మాస్టారు తల ఊపాడు.

"మొదటిరోజు ఒక్క ఊపిరే బావా. రోజు రోజుకీ కాస్త ముందుకెళుతోంది. అది అక్కే. ఎత్తుకు పెంచినామె ఊపిరి నాకు తెలియదా? ఆ పాటలోకి అక్క ఎలా వచ్చింది? మీరే చెప్పాలి."

గొంతు పెంచలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. నిలదీసి ఉంటే మాస్టారు ఏదో ఒకటి కల్పించి ఉండేవాడు. ఇంత నెమ్మదిగా అడిగితే అబద్ధం బయటికి రాలేదు.

"వంటింట్లో కాదయ్యా" అన్నాడు. "నా వెనక. పరీక్ష చేస్తుండగా. అది పాటలోది కాదు, మీ అక్కదే. నేను డబ్బా గొప్పతనం అనుకున్నాను."

బావమరిది కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. "మిమ్మల్ని పిలవలేదా?"

"భుజం తట్టింది. స్విచ్ మార్చిందేమో అనుకున్నాను. కళ్లు మూసుకుని ఉన్నాను కదా, నాకెలా తెలుస్తుంది? పాట అవగానే చూశాను. వెంటనే చూశాను." చెబుతూ కుడిచేతిని ఎడమచేత్తో కప్పుకున్నాడు. "రేపే ఆ రాసింది తీసేస్తాను. అందరికీ నిజం రాస్తాను. క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

"అంతేనా బావా? ఇంకేమన్నా ఉందా?"

వేలు సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. అది చెబితే వీడు ఇక జన్మలో తన మొహం చూడడు. ఈ లోకంలో ఆవిడ తాలూకు మనిషంటూ మిగిలింది వీడొక్కడే.

"అంతే" అన్నాడు.

బావమరిది లేచి ఆయన ఒళ్లోంచి హెడ్‌ఫోన్స్ తీసుకున్నాడు. పాట ఎప్పుడో అయిపోయింది. అతను యాంప్ మీట కూడా కిందికి నొక్కాడు. ముందున్న చిన్న దీపం ఆరిపోయింది. ఆరిపోయాక హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"దాంట్లో ఏం లేదయ్యా ఇప్పుడు" అన్నాడు మాస్టారు.

అతను వినలేదు. పెదాలు కదిలాయి, గుసగుసగా.

"ఆఁ... ఇక్కడే ఉన్నాడు."

బల్బు చుట్టూ ఒక పురుగు తిరుగుతోంది. దాని రెక్కల చప్పుడు కూడా వినపడటం లేదు.

"చెప్పాడు... వంటింట్లో కాదట... అవును, అది కూడా చెప్పాడు... వెంటనే చూశాడట."

తల కొద్దిగా వంచి వింటున్నాడు. కొలతలు చెబుతుంటే రాసుకునే మనిషిలా మధ్యమధ్య తల ఊపుతున్నాడు. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి.

"వేలా?... ఏ వేలక్కా?"

మాస్టారు లేవబోయాడు. లేవలేకపోయాడు.

"లేదు... అది చెప్పలేదు నాకు" అన్నాడు బావమరిది. ఇంకాసేపు విన్నాడు. అప్పుడు హెడ్‌ఫోన్స్ తియ్యకుండానే కళ్లు తెరిచాడు.

"బావా... ఆగమన్నారట కదా. ఇంకా ఎంతసేపు ఆగాలో అడగమంటోంది."

అతను మాస్టారి మొహం వైపు చూడటం లేదు. కుర్చీ వెనక్కి చూస్తున్నాడు.