పడమటి రేకు

2094లో మడ అడవి పక్కన బతికేవాళ్లు పొద్దున్నే లేచి ఆకాశం వంక చూడరు, అడుగులపెట్టెను అడుగుతారు. నేలలో పాతిన ఆ యంత్రం చెవి ఎంత పదునంటే, చీమ గొంతు సవరించుకున్నా పట్టేస్తుంది. రాలిన ఆకుల కింద తిరిగే నేల పెంకుపురుగుల అడుగులు విని, ఎన్ని రకాలున్నాయో చెబుతాయి దాని సెన్సర్లు. మడ అడవి పురుగులు వేరు, ఏటి లంక అడవివి వేరు, మంచినీటి చిత్తడి అడవివి వేరు. సముద్రం పొంగబోతోందంటే మడపురుగులు రకం తర్వాత రకం జారుకుంటాయి. పన్నెండు కంటే తగ్గాయా, సైరన్ మోగుతుంది. ఊరు ఖాళీ చెయ్యాల్సిందే.

పోలాలదిబ్బలో రెండుసార్లు మోగింది. రెండుసార్లూ నీళ్లు గడప నాకి వెనక్కి పోయాయి. మూడోసారి మోగితే ఊరినే మ్యాపులోంచి తీసేస్తారు. పెట్టె కాపలా చూసే ఓలేటి నూకరత్నానికి అది మింగుడు పడలేదు.

ఆ మధ్యాహ్నం ఆకు కదల్లేదు.

“నిన్న ఇరవై రకాలు. ఇవాళ పన్నెండు,” అంది పెట్టె.

నూకరత్నం గబగబా పెట్టె చుట్టూ రేకు పాతేసింది, ఉన్నవి పోకుండా. మరిది సింహాద్రి లంకలో గ్లాసులు పాతి పట్టిన పురుగుల కుండ తెచ్చాడు.

“వొదినా, పెట్టె కనిపెట్టేత్తదేమో!”

“దానికి చెవులేగానీ కళ్లు లేవురా. కుమ్మరించు!”

పెట్టె కాసేపు విన్నది. “లంక రకాలు ఆరు కొత్తగా వచ్చాయి. కారణం?”

“చుట్టాలొచ్చారు. రాసుకో.”

“రాసుకున్నాను. పద్దెనిమిది రకాలు. క్షేమం.”

ఊరంతా ఈలలు. దించిన మూటలు మళ్లీ అటకెక్కాయి. సింహాద్రి మాత్రం రేకులోకి వంగి చూశాడు. మడవీ లంకవీ ఒకదాని మీదొకటి ఎక్కి పడమటి వైపునే గీకుతున్నాయి. తూర్పున సముద్రం.

“వొదినా, కాలవలో నీళ్లు సముద్రంలోకి గుంజుకుపోతన్నాయి. రేకు తీసెయ్. మోగనీ!”

“నోర్ముయ్ రా పిరికి సన్నాసీ! క్షేమమని సెప్పింది గదా!”

తాను చెప్పించిన మాటే, తానే నమ్మేసింది. సింహాద్రి చెప్పులొదిలేసి గట్టు మీదుగా పరుగెత్తాడు. ఊరు నవ్వింది. నవ్వు ఆగాక, కాలవ అడుగున చేపలు కొట్టుకుంటున్న చప్పుడు వినపడింది.

“అన్నీ పడమటి రేకునే గీకుతున్నాయి,” అంది పెట్టె.

“గీకనీ.”

“పంతొమ్మిదో రకం కూడా వినిపిస్తోంది. రెండు కాళ్లది, చాలా ఉన్నాయి. దాని చుట్టూ రేకు లేదు. అయినా కదలడం లేదు.”

తూర్పున ఏదో గర్జించింది.

“పంతొమ్మిది రకాలు,” అంది పెట్టె. “క్షేమం.”