పై వరస సీసాలు

"వసంతమ్మ. డెబ్బై నాలుగేళ్లు. కుప్పంలో ఓ ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూ." చెవిలో చీఫ్ గొంతు. "రక్తంలో ఇన్ఫెక్షన్. కొలిస్టిన్‌కు తప్ప ఏ యాంటీబయాటిక్‌కూ లొంగడం లేదు. నకిలీ మందుల విదేశీ ముఠా నాయకుణ్ణి కళ్లారా చూసిన సాక్షి ఆవిడొక్కతే. ఆ కొలిస్టిన్‌నే మార్చేస్తారని సమాచారం. ఆ వయసు మనిషి పోతే ఎందుకు పోయిందని ఎవరూ అడగరు."

ఏజెంట్ హేమంత్ ఆవలించాడు. మూడు రోజులుగా మదనపల్లె టమాటా మార్కెట్‌లో తలకు తువ్వాలు చుట్టుకుని వ్యాపారి వేషం. ఆస్పత్రికి పోయే కొలిస్టిన్ పెట్టెను అక్కడే టమాటా వ్యాన్‌లోకి ఎక్కించే ముందు తెరిచి, మూడు సీసాల రబ్బరు మూతల్లో సూదిమొన పెన్ను గుచ్చాడు. అసలు మందైతే నీలం లైటు. మూడుసార్లూ నీలమే. సీలు వేసి పంపేశాడు.

పుంగనూరు బస్టాండు దగ్గర వేడి బజ్జీ తుంచితే పొగ వచ్చింది. మూడు రోజుల్లో అతనికి దక్కిన సుఖం అదొక్కటే. ఎదురుగా మెహ్‌నాజ్ కూర్చుంది. నల్ల కళ్లద్దాలు, అత్తరు. ముఠా జీతమూ డిపార్ట్‌మెంట్ జీతమూ తీసుకునే మనిషి.

"పచ్చివి ఉండాయా?" కోడ్ అడిగాడు.

"మాగినాయి. పెట్టె సూసినావా అప్పా?"

"మూడు సీసాలు. అన్నీ అసలువే."

"యాడివి తీసినావు?"

"పై వరస."

ఆమె అతని బజ్జీ ఒకటి తీసుకుంది. "మూడు దినాలు మండీలో కూసోని ఇదేనా నేర్సుకున్నది? పైన మంచి కాయ, కింద కుళ్లు. కొనేటోడు అడుక్కి చెయ్యి పెట్టి సూస్తాడు. నేనే పేర్సినాను. ఐసీయూ నర్సు పెట్టెను ట్రేలోకి బోర్లిస్తాది. కింది వరస పైకొస్తాది. అదంతా గ్లూకోజు పొడి."

"ఇప్పుడు యాల చెప్తాండావు?"

"మా అమ్మమ్మ, మా నానీ కూడా ఇట్లే పోయింది. వయసైపోయిందన్నారు. మేమూ ఊకున్నాము." కళ్లద్దాలు తీయలేదు. "పన్నెండుకు డోసు. ఇది తప్పితే ఆ ముసలామె తట్టుకోలేదంట."

ఆస్పత్రి నంబరు ఎంగేజ్. జీపు కుప్పం వైపు దూకింది.

పన్నెండుకు నిమిషం తక్కువ. నర్సు రోజా మందు కలిపిన సెలైన్ గొట్టం చక్రం తిప్పబోతోంది.

"ఆపమ్మా."

"ఎవరప్పా నువ్వు? చెప్పులతో ఐసీయూలోకి వస్తాండావు?"

హేమంత్ గొట్టం మడిచి పట్టుకుని, ట్రే పైనున్న సీసాలో పెన్ను గుచ్చాడు. లైటు వెలగలేదు. ట్రే అడుగున చెయ్యి పెట్టి ఇంకో సీసా తీశాడు. నీలం. "ఇది ఎక్కించు."

నాలుగో రోజుకు జ్వరం దిగింది. హేమంత్ ఫోన్‌లో చూపించిన ఫొటోను వసంతమ్మ వేలితో పొడిచింది. "వీడే." సాయంత్రానికల్లా బెంగళూరు ఎయిర్‌పోర్టులో ముఠా నాయకుడికి బేడీలు పడ్డాయి.

వసంతమ్మ హేమంత్‌ను ఎగాదిగా చూసింది. "నువ్వేం నాయనా, నాకంటే ముసిలోని మాదిరి ఉండావు?"

అతను అప్పటికే పక్క మంచం మీద గురక పెడుతున్నాడు. ఖాళీ మంచం మీద మనిషి ఉంటే కేస్ షీట్ ఉండాలి గనుక రోజా ఒకటి తీసి, జబ్బు అన్నచోట 'నిద్ర' అని రాసింది.