వీరబాబు పొలం మూల లేని చింత

జవళగేర దాటాక మా ఆంధ్రావాళ్ళ క్యాంపుకొచ్చే పిల్లకాలవ మలుపులో, చీకటి పడ్డాక ఆగినవాడు ఇప్పటిదాకా ఒక్కడూ లేడు. అక్కడో చింతచెట్టు ఉండేదట. ఆ పక్క పొలం రైతు వీరబాబు వాళ్ళ తాత దాన్ని కొట్టించేశాడు. కొట్టిన చెట్టు రాత్రిళ్ళు మళ్ళీ లేచి నిలబడుతుందని మావాళ్ళంటారు. నాకా నమ్మకం లేదు... అలాగని రాత్రిపూట అటు పోనూ పోను.

మొన్న ఫాల్గుణంలో రాయచూరు అటవీశాఖ నుంచి రామదాసని ఒకాయన వచ్చాడు. ఉపగ్రహం తీసిన బొమ్మలో ఏ చెట్టు ఎక్కడుందో కంప్యూటరు గుర్తులు పెడుతుందట. ఆ చోట్లకెళ్ళి చెట్టుందో లేదో చూసి రాయడం ఈయన పని. అన్నీ సరిపోయాయి. పొద్దుగూకేసరికి ఒక్క గుర్తు మిగిలింది — ఆ మలుపులో, వీరబాబు పొలం మూల.

అక్కడ చెట్టే లేదని, దెయ్యముంది, అటు పోవద్దని క్యాంపంతా మొత్తుకుంది. అదిగో, దాంతోనే ఆయనకి అనుమానం పట్టుకుంది. వీరబాబే గుట్టుగా కొట్టి అమ్ముకుని, ఎవరూ అటు రాకుండా దెయ్యం కథ అల్లాడనుకున్నాడు. మొద్దు కనబడితే కేసేనన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి వీరబాబు భార్య సౌభాగ్యలక్ష్మి అన్నం ముట్టలేదు, పాపం.

తెల్లారేలోగా మొద్దు మాయం చేస్తారేమోనని రామదాసు ఆ చీకట్లోనే ఒక్కడూ బయల్దేరాడు. మొండిఘటం!

మలుపు తిరిగాడు...

చెట్టు ఉంది.

గుండ్రంగా, నల్లగా... గాలి లేదు, ఆకులు మాత్రం కదుల్తున్నాయి. పైనుంచి తెల్లగా పొగ. దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టాడు — వెచ్చగా ఉంది, జ్వరమొచ్చిన ఒళ్ళులాగా.

"ఎవరది?" వెనక నుంచి గుసగుస.

వీరబాబు! కేసు భయంతో నిద్రపట్టక వచ్చాడట, చేతిలో టార్చి. వెలుగు పడేసరికి చెట్టు కాస్తా గడ్డివామి అయింది. మీదంతా సొరపాదు, పాదులో పందికొక్కులు. ముందురోజు వానకి తడిసి లోపల మగ్గిన గడ్డి ఆవిరి కక్కుతోంది. దెయ్యం భయానికి గడ్డిదొంగలు రారని అక్కడ వేశాడట, గడుసుపిండం.

రామదాసు నెత్తి కొట్టుకుని నవ్వాడు. పైనుంచి చూస్తే ఇదే చెట్టు లెక్క కనబడ్డదన్నాడు.

"ఏమనుకోకు వీరబాబూ. నీ మీద ఉత్తగనే అనుమానపడ్డ."

వీరబాబుకి ప్రాణం లేచొచ్చింది. కానీ నవ్వలేదు. "ఈ వామి మార్గశిరంలో వేశానండి. మీ బొమ్మ ఎప్పటిది?"

రామదాసు ఫోన్లో తేదీ చూశాడు. అక్టోబరు.

"అప్పుడిక్కడ ఏముండె?"

"మోకాలెత్తు వరేనండి... ఇంకేం లేదు."

ఇద్దరూ మళ్ళీ ఆ వామి వంక చూళ్ళేదట.

తెల్లారాక కేసూ లేదు, గీసూ లేదు. రామదాసు ఆ గుర్తుకెదురుగా 'చెట్టు ఉంది' అని రాసి సంతకం పెట్టాడు.