చెరపని వాటర్‌మార్క్

మధ్యాహ్నం భోజనానికని స్టూడియో షట్టర్ దించుతున్న ఫొటోగ్రాఫర్ వీపులో తూటా దిగింది. సైలెన్సర్ బిగించిన తుపాకి కావడంతో పక్క షాపువాడికి కూడా వినపడలేదు.

గంటలో గూఢచారి సంస్థ ఏజెంట్ ఒకడు తన చీఫ్ ముందున్నాడు. ఫొటోగ్రాఫర్ ఏజెంట్‌కి సొంత బావ, అక్క మొగుడు. ఐసీయూలో ఉన్నాడు.

"మీ బావ మనకోసం రహస్యంగా తీసిన క్లిప్ ఇది. ఇందులో ఉన్నది విదేశీ ముఠా నాయకుడు, ఆయుధాల దళారీ. మిత్రదేశానికి పంపితే అక్కణ్ణించి ముఠాకే చేరింది. దళారీ మొహం తీసేసి మన రక్షణమంత్రి మొహం అతికించారు. ఇవాళ నాలుగింటి టీవీ వార్తల్లో వేస్తారు. రేపటి సరిహద్దు చర్చలు గోవిందా! అసలు తీసింది మీ బావేనని వాళ్ళకెలా తెలిసిందో?"

ఎలా తెలిసిందో ఏజెంట్‌కి తెలుసు.

బావ తీసే ప్రతి ఫ్రేములోనూ కంటికి కనపడని వాటర్‌మార్క్ ఉంటుంది. ఎవడైనా కాజేస్తే రీడర్ అనే పరికరం పెట్టి చూడొచ్చు, బావ పేరు బయటపడుతుంది. బయటికి పంపేముందు దాన్ని తుడిచెయ్యాలన్నది డిపార్ట్‌మెంట్ రూలు. "నా పనిమీద నా పేరుండనివ్వరా" అని బావ బతిమాలితే, ఏజెంట్ కాదనలేకపోయాడు. కనపడందే కదా అని సరిపెట్టుకున్నాడు. ఆ పేరే హంతకుణ్ణి స్టూడియోదాకా తీసుకొచ్చింది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు.

"సార్, క్లిప్పులో వాటర్‌మార్క్ ఉంది. మా కోడ్ లేకుండా తుడిస్తే బొమ్మే పాడవుతుంది కాబట్టి వాళ్ళూ తుడిచుండరు. మొహం అతికించినచోట మాత్రం ఉండదు."

"ఉందని నీకెలా తెలుసు?"

"తుడవాల్సింది నేనే. తుడవలేదు."

చీఫ్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "సిగ్గుపడ్డానికి తర్వాత టైమిస్తాను. ముందు ఆ టీవీ స్టూడియోకి వెళ్ళి, వాటర్‌మార్క్ జనానికి కనపడేలా చెయ్యి."

దారిలో అక్క ఫోన్. "మీ బావని పట్టించినవాడు దొరికితే చెప్పరా. వాడి సంగతి నేను చూస్తా."

"అలాగేనక్కా," అన్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

టీవీ స్టూడియోలోకి ఏసీ మెకానిక్ వేషంలో దూరాడు. స్క్రూడ్రైవర్ పిడిలో రీడర్ ఉంది. ముఠా తమ మనిషనుకుంటున్న అందాల న్యూస్‌రీడర్ నిజానికి చీఫ్ మనిషి.

"గది చల్లబడలేదే," అందామె.

"గ్యాసయిపోయింది మేడమ్."

సంకేతవాక్యం కలిసింది. ముఠా డబ్బు తిన్న ఎడిటర్ కంట్రోల్ బల్ల దగ్గర కాపలా కాస్తున్నాడు. ఆమె నీళ్ళగ్లాసు అతని ఒళ్ళో ఒంపేసి, "అయ్యో, సారీ!" అంది. అతను దులుపుకునేలోపు ఏజెంట్ పిడి ఊడదీసి రీడర్‌ని కంట్రోల్ బల్లకి గుచ్చాడు. ఎర్రలైటు వెలిగింది. క్లిప్ మొదలైంది.

వాటర్‌మార్క్ బయటపడి తెరంతా ఆకుపచ్చగా మారింది, ఒక్క మంత్రి మొహం తప్ప.

"చూస్తున్నారుగా," న్యూస్‌రీడర్ కెమెరాకేసి తీయగా నవ్వింది. "ఆ మొహం ఈ వీడియోది కాదు."

సాయంత్రం బావ కళ్ళు తెరిచాడు. ఏజెంట్ మంచం పక్కన కూర్చుని అంతా కక్కేశాడు. "నీకీ గతి పట్టించింది నేనే బావా."

"అడిగింది నేనేగా. సగం నాది," అన్నాడు బావ నీరసంగా. "మీ అక్కకి మాత్రం చెప్పకు. నా పక్కన ఇంకో మంచం వెయ్యాల్సొస్తుంది." నవ్వబోయి, ఏజెంట్ వెనక గుమ్మంలో గాజులు గలగలమనడంతో అటు చూసి ఆగిపోయాడు.

గుమ్మానికి వీపు పెట్టి కూర్చోకూడదన్నది గూఢచారి శిక్షణలో మొట్టమొదటి పాఠం.