రెండు ముడుల సుతిలి

"అత్తా, కాలు ఎత్తు. నొప్పి లేనంత మట్టుకే ఎత్తు. పౌరుషానికి పోయి ఎక్కువ ఎత్తకు."

ఆదివారం పొద్దున్నే సువర్ణ గడప ముందు గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో సుతిలి తాడు. ఎదురుగా అత్త రూప్లి తలుపు రెక్క ఆసరాగా పట్టుకుని, అద్దాలు కుట్టిన లంగాను రెండో చేత్తో కాస్త ఎత్తి పట్టి, కుడి కాలు మెల్లగా లేపింది. మోకాలు కటుక్కుమంది. పాదం ఆగిన చోటు నుంచి నేల వరకు సువర్ణ తాడుతో కొలిచి ముడి వేసింది.

"నా కాలు కొలిచి ఏం జేస్తవే? చెప్పులు కుట్టిస్తవా?"

"కారు కొంటున్నం గద. దానికోసం."

"నేను ఎక్కనని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"ఎక్కకు. కొలత ఇచ్చెతందుకు ఏమైతది?"

రూప్లి మూతి తిప్పుకుంది. రెండేళ్లుగా ఆమె ఏ బండీ ఎక్కలేదు, తండా దాటలేదు. తల్లాడ దగ్గర ఉండే అక్క హేమ్లి మంచాన పడి, "ఒక్కసారి వచ్చి పోవే, నిన్ను చూడాలె" అని ఫోన్‌లో ఏడుస్తున్నా కదల్లేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం కొట్టంలోకి పోయి చాలాసేపు వచ్చేది కాదు. కొడుకులిద్దరూ దానికి మొండితనమని పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు. అసలు సంగతి ఒక్క సువర్ణకే తెలుసు. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది కాబట్టి ఆర్నెల్లుగా నోరు కట్టుకుని ఉంది.

సువర్ణ మణుగూరు బొగ్గు గనిలో డంపర్ నడుపుతుంది. ఆ బండి టైరే ఆమె కంటే ఎత్తు. భర్త కోటేష్ పంచాయతీ సెక్రెటరీ. అతనికీ లైసెన్సు ఉంది గానీ స్టీరింగ్ పట్టిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంటే రేపు కారు నడిపేది సువర్ణే. అయినా ఏ కారు కొనాలన్న చర్చ మాత్రం నెల రోజులుగా కోటేష్‌కూ, పక్కింట్లో ఉండే అన్న బలరాంకూ మధ్యే నడుస్తోంది. ఇంట్లో వంట ఏం చేయాలో అడిగినంత తీరిగ్గా కూడా ఆమెను ఎవరూ అడగలేదు.

సువర్ణ, కోటేష్, బలరాం ముగ్గురూ బస్సుకు బయలుదేరారు. తండా నుంచి రోడ్డెక్కాలంటే వాగు దాటాలి. వాగులోకి దిగే చోట టైర్ల గాడులు వానలకు కోసుకుపోయి, మధ్యలో బండ ఒకటి వీపు బయటపెట్టి కూర్చుంది. సువర్ణ అక్కడ ఆగి దాని ఎత్తు కొలిచి, తాడుకు రెండో ముడి వేసింది.

"ఏంది సువర్ణా, మనం షోరూంకు పోతున్నమా, దర్జీ దగ్గరికి పోతున్నమా?" అన్నాడు బలరాం.

"షోరూంకే బావా. వాళ్ల కాగితాలల్ల మన వాగు ఉండదు గద."

ఖమ్మం షోరూంలో రెండు బండ్లు పక్కపక్కనే నిలబెట్టి ఉన్నాయి. ఒకటి నల్లది, ఏడు సీట్లది, ఏనుగు పిల్లలా ఉంది. రెండోది ఇటుక ఎరుపుది, అయిదు సీట్లది, కాస్త పొట్టి. చూపించే అమ్మాయి సాయిప్రియది మధిర. నవ్వుతూ అన్నీ కోటేష్‌కే చెబుతోంది.

"ఇది తీసుకోండి సార్. రోడ్డు మీద ఆ హుందాతనమే వేరు."

"నల్లదే!" బలరాం అప్పుడే దాని బానెట్ మీద చెయ్యి వేశాడు. "గిది వస్తున్నదంటే ఎదురుంగొచ్చేటోడు దానంతట వాడే పక్కకు జరుగుతడు. మన తండాల గిసొంటి బండి ఎవరికున్నది?"

"సన్‌రూఫ్ సుత ఉన్నదన్నా. అడవిల పోతుంటె పైన తెర్చిపెట్టుకోవచ్చు," అన్నాడు కోటేష్.

"మణుగూరు ఎండకు పైన తెర్చి కూసుంటె అప్పడాలమైతం," అంది సువర్ణ.

నడిపి చూడటానికి సాయిప్రియ తాళం కోటేష్ చేతికిచ్చింది. కోటేష్ దాన్ని భార్య చేతికిచ్చాడు. పాపం, ఆ మాత్రం తెలివి అతనికి ఉంది. సువర్ణ ముందు బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది, గనిలో డ్యూటీ ఎక్కే ముందు చేసినట్టే. తర్వాత రెండు బండ్లనూ బైపాస్ మీద నడిపింది. అబద్ధమెందుకు, నల్లదే ఆమెకూ నచ్చింది. ఎత్తు మీద కూర్చుంటే రోడ్డు మొత్తం కనబడుతోంది, కాలు ఆనిస్తే చాలు ఉరుకుతోంది. దిగేటప్పుడు స్టీరింగ్ మీద చెయ్యి ఒక్క క్షణం ఎక్కువే ఉంచింది.

ఆ తర్వాత హ్యాండ్ బ్యాగులోంచి సుతిలి తీసింది.

షోరూం చలవరాతి నేల మీద మోకాళ్లపై కూర్చుని, నల్ల బండి తలుపు తెరిచి, కిందికి తాడు వేలాడదీసింది. మొదటి ముడి బండి గడప కంటే జానెడు కింద ఆగింది. ఎర్రదానికి సరిగ్గా సరిపోయింది. అక్కడున్న కొనుగోలుదార్లు మెడలు తిప్పి చూశారు.

"లే సువర్ణా, అందరు చూస్తుండ్రు," కోటేష్ పళ్ల మధ్య నుంచి అన్నాడు. "పరువు తీస్తున్నవ్."

"ఇది మీ యాడి, మా అత్త కాలు. నల్లదాంట్ల పడ్తలేదు."

"మేడం, కింద ఫుట్‌స్టెప్ పెట్టిస్తామండీ," అంది సాయిప్రియ.

"ఫుట్‌స్టెప్ ఎక్కినంక ఒంటి కాలు మీద నిలబడి మళ్లా పైకి ఎత్తాలె గదమ్మా. ఒక్క మెట్టు ఎక్కలేని మనిషికి రెండు మెట్లు పెడ్తరా?"

సాయిప్రియ తనే వంగి, తాడు అందుకుని, "ఈ రెండోది ఏంటండీ?" అని అడిగింది. వాగు బండ అని విని ఎర్ర బండి కిందికి తాడు పెట్టి చూసింది. రెండో ముడి కింద పట్టలేదు. బండి అడుగు దానికి తగిలింది.

కోటేష్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "చూసినవా? నీ తాడే చెప్తున్నది. ఎర్రది మన వాగు దాటదు! ఇగ మాటల్లేవు, నల్లదే."

"బండను సరిచెయ్యొచ్చు. అత్త మోకాలును ఏం జేస్తవ్?"

"ఆపరేషన్ చేపిద్దాం," అన్నాడు బలరాం.

"దవాఖానాకు పోవాల్నన్నా బండి ఎక్కాలె గద బావా!"

"అబ్బ, గింత లొల్లి ఎందుకే?" కోటేష్ విసుక్కున్నాడు. "నువ్వు రోజూ నిచ్చెనెక్కి డంపర్ తోల్తవ్, నీకు ఎత్తు భయమా? యాడిని నేనూ అన్నా చెరో దిక్కు పట్టుకొని ఎక్కిస్తం. ఒక్క నిమిషం పని."

సువర్ణ లేచి నిలబడింది.

"నేను ఎక్కగల్గుతనని అందరు ఎక్కాల్నా? మీరిద్దరు ఎత్తి ఎక్కిస్తరు. అవ్, ఎక్కిస్తరు. రెండేళ్ల కింద మధిర పెండ్లికి పోయేటప్పుడు సుత ఎక్కిచ్చిండ్లు. యాదికున్నదా?"

"ఆ, ఎక్కించినం. అయితే ఏందంట?"

"గొర్రెను లారీల ఏసినట్టు ఏసిండ్లు. లంగా మోకాళ్ల పైకి పోయింది. ఆమె కిందికి గుంజుకుందామంటె రెండు చేతులు మీరే పట్టుకున్నరు. ఎవరో ఫోన్‌ల తీసి మన ఇంటోళ్ల గ్రూపుల పెట్టిండ్రు. మన బిడ్డ మోతీ ఏం తెల్వక తీస్కపోయి నాయనమ్మకే చూపెట్టింది. అత్తకు అక్షరం రాదు. కానీ కొడుకు ఫొటో తెల్వదా? నీ ఫొటో పక్కన మూడు నవ్వే బొమ్మలున్నయ్, కోటేష్. మూడు! అవి చూసినంకనే నా కాళ్లతో నేను ఎక్కగల్గే దాంక ఏ బండీ ఎక్కనని ఒట్టు పెట్టుకున్నది. అక్క సచ్చేటట్టున్నా పోతలేదు. మీరు మొండిదంటుండ్రు."

బలరాం నల్ల బండి మీద నుంచి చెయ్యి తీసేశాడు.

కోటేష్ బయటికి వెళ్లాడు. అద్దంలోంచి సువర్ణకు కనబడుతూనే ఉన్నాడు. ఫోన్ తీసి పైకీ కిందికీ జరుపుతున్నాడు, రెండేళ్లు వెనక్కి పోతున్నాడు. ఒక చోట వేలు ఆగింది. తల వంచుకుని అక్కడే గోడకు ఆనుకున్నాడు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా సువర్ణ అతను ఏడవగా చూడలేదు. చూడకూడదని మొహం తిప్పుకుంది.

తిరిగి లోపలికి వచ్చి సాయిప్రియతో ఒకటే మాట అన్నాడు. "ఎర్రది రాయండి."

"మరి వాగు బండ?" అంది సువర్ణ. జాలి పడాల్సిన చోట కూడా ఆమె వదల్లేదు. "అది ఎవరి పంచాయతీల ఉన్నది, సెక్రెటరీ గారూ?"

నాలుగేళ్లుగా ఆ దారి ఫైలులో ఉంది. ఇంజనీరు వచ్చాడు, కొలిచాడు, అంచనా పైకి పంపారు. అది పైనే ఉండిపోయింది. మరుసటి ఆదివారం కోటేష్ ఫైలు జోలికి పోలేదు. పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, గడ్డపార పట్టుకుని వాగులోకి దిగాడు. బలరాం ట్రాక్టర్ నిండా మొరం తెచ్చాడు. బండ తల చెక్కి, గాడుల్లో మొరం పోసి కొడుతుంటే తండా వాళ్లు ఒక్కొక్కరూ పలుగూ పారా పట్టుకుని వచ్చారు. నాలుగేళ్ల పని ఒక్క పూటలో తేలిపోయింది. చివర్లో కోటేష్ తాడు పట్టి తనే కొలిచాడు. బండ రెండో ముడికి నాలుగు వేళ్లు తక్కువే ఉంది.

కారు వచ్చిన రోజు సువర్ణ దాన్ని వాగు దాటించి తెచ్చి, ఇంటి ముందు ఆపి తలుపు తెరిచింది. రూప్లి గడపలోనే నిలబడింది.

"నా ముచ్చట అందరి ముందు చెప్పినవంట. మాటిచ్చి తప్పినవ్."

"తప్పిన అత్తా. తిట్టు. తిట్టుకుంటనే కారెక్కు."

రూప్లి కోడలి వంక కోపంగా చూసింది. ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. మెల్లగా నడిచి వచ్చింది. బలరాం అలవాటు కొద్దీ భుజం పట్టుకోబోయాడు.

"చెయ్యి తియ్యిరా," అంది.

బలరాం రెండడుగులు వెనక్కి వేశాడు. రూప్లి తలుపు పైనున్న పిడి పట్టుకుంది. కుడి కాలు ఎత్తింది. కటుక్కుమంది గానీ పాదం లోపల ఆనింది. ఎడమ కాలు దానంతట అదే వచ్చింది. ముందు సీట్లో కూర్చుని, ఊపిరి పీల్చుకుని, తండా మొత్తాన్నీ ఒకసారి చూసింది, ఎవరైనా నవ్వుతున్నారేమోనని. ఎవరూ నవ్వలేదు.

"తల్లాడకు పోనియ్యి," అంది కోడలితో. "హేమ్లి చూస్తుంటది."

ఆమె లంగా అంచు ఇంకా తలుపు బయటే వేలాడుతోంది. కోటేష్ అది చూశాడు. దగ్గరికి వచ్చి తల్లి కాళ్ల దగ్గర మట్టిలో కూర్చున్నాడు. అద్దాల అంచును రెండు చేతులతో ఎత్తి, పాదాలు కప్పేలా లోపల సర్దాడు. తలెత్తలేదు.

"యాడీ..." అన్నాడు.

రూప్లి అతని తల మీద చెయ్యి పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది.

"లే బిడ్డా, తలుపెయ్యి," అంది. "నువ్వు ఎనక కూసో."