తరుగు మలుపు

బంగారం కొట్లో పాత నగ కరిగించి తూచేటప్పుడు తరుగు తీస్తారు చూశారా... ఆ మలుపు కూడా అంతేనట. ఎంతమంది ఉన్న బండి ఆగినా సరే, మళ్లీ బయల్దేరేటప్పటికి ఒక తలకాయ తక్కువ. అందుకే దానికి తరుగు మలుపని పేరు పడింది.

ఒక పక్క కొండ, గోడ కట్టినట్టు నిలువుగా. ఇంకో పక్క సముద్రం — ఎక్కడో అడుగున, బండలకేసి తల బాదుకుంటూ. మధ్యలో రోడ్డు కాస్త పొట్ట పెంచినట్టు వెడల్పయి, నాలుగు బళ్లు ఆగేంత జాగా. పగలు ఫొటోలు తీసుకునేవాళ్లు ఆగుతారు. పొద్దు వాలాక లారీవాళ్లు సైతం అక్కడ హారన్ కొట్టరు... నిద్రపోతున్న కుక్కని దాటినట్టు, చప్పుడు లేకుండా దాటేస్తారు.

ఇది నాకు జరిగింది కాదు. జరిగుంటే చెప్పడానికి నేను మిగిలేవాణ్ణి కాదు. రాత్రిపూట మంచినీళ్లకి లేవాలంటే ముందు మా ఆవిణ్ణి లేపుతాను. ఆవిడ లేచి, లైటు వేసి, గ్లాసు నా చేతిలో పెట్టి, “తాగి పడుకోండి, శూరుడుగారూ” అంటుంది. దెయ్యాలు లేవని నాకు గట్టి నమ్మకమే. కాకపోతే ఆ నమ్మకం పొద్దున్న పాలవాడు వచ్చాక మొదలై, సాయంత్రం వీధి దీపాలు వెలిగేదాకా ఉంటుంది.

జరిగింది మా తోడల్లుడికి. బస్సు డ్రైవరు. మా ఇంటి మెట్ల మీద కూర్చుని, బస్టాండులో అనౌన్సుమెంటు చదివినట్టు చెప్పాడు. ఆ గొంతుకే నాకు సగం చెమటలు పట్టాయి.

ముందు వాళ్ల నాన్న సంగతి చెప్పాలి.

తండ్రీ కొడుకులది ఒకే బస్సు. కొడుకు స్టీరింగు దగ్గర, తండ్రి టికెట్ల దగ్గర. పెద్దాయనకి విజిల్ గిట్టదు, గంట గిట్టదు. అరచేత్తో బస్సు రేకు మీద కొట్టడమే. ఒకటి కొడితే ఆగు. రెండు కొడితే పో. ఇంట్లోనూ అదే చట్టం. పీట మీద ఒక దెబ్బ కొడితే వడ్డన చాలని, రెండు కొడితే ఇంకా కానిమ్మని. పెద్దావిడ ఆయనతో కాపురం చేసినంత కాలం మాటలతో కంటే దెబ్బలతోనే ఎక్కువ మాట్లాడిందని మా వదిన వేళాకోళం చేసేది. మా వదినంటే, ఆ డ్రైవరుగారి భార్య, మా ఆవిడకి అక్క.

పెద్దాయన పోయింది కూడా డ్యూటీలోనే. ఒక స్టాపులో ఒకటి కొట్టాడు. బస్సు ఆగింది. ఎవరిదో మూట దించడానికి తనూ దిగాడు. మా తోడల్లుడు రెండు దెబ్బల కోసం చూస్తూ కూర్చున్నాడు. కూర్చున్నాడు... కూర్చున్నాడు... వెనకవాళ్లు విసుక్కున్నారు. “డ్రైవరుగారికి కునుకు పట్టినట్టుంది” అని ఎవరో నవ్వారు కూడా. పెద్దాయన వెనక మెట్టుకి జారగిలబడి, చెయ్యి రేకు మీద అలాగే ఆనించి... వెళ్లిపోయాడు.

మా తోడల్లుడు ఏడవలేదు. జరిపించాల్సినవన్నీ జరిపించాడు. వచ్చినవాళ్లకి కుర్చీలు వేశాడు, వెళ్లినవాళ్ల కుర్చీలు మడిచాడు. ఆ పైన డ్యూటీకి వెళ్లాడు.

కొత్త కండక్టరు గంట కొట్టాడు. బస్సు కదల్లేదు. “రైట్, రైట్” అని అరిచాడు. కదల్లేదు. ఎవరో కుర్రాళ్లు విసుగెత్తి రేకు మీద దబదబా బాదితే, అందులో రెండు లెక్కలోకి తీసుకున్నాడేమో, అప్పుడు కదిలింది. రోజూ ఇదే వరస. డిపో మేనేజరు పిలిచి, “కొన్నాళ్లు సెలవు తీసుకో. వచ్చాక సీట్లో కూర్చుని నీ అంతట నువ్వు బండి తీశావా, సరే. లేదా, బస్సులు కడిగే షెడ్డులో వేస్తాను. నీ మీద కోపం కాదయ్యా, యాభై మంది ప్రాణాలు” అన్నాడు.

షెడ్డు మాట మా వదినకి మింగుడు పడలేదు. స్టీరింగు లేని ఆ మనిషిని ఆవిడ ఊహించుకోలేకపోయింది.

“ఇంట్లో ఉంటే గోడకి కొట్టిన మేకులా ఉంటున్నాడు మరిదీ,” అంది నాతో. “రోడ్డు మీద పోగొట్టుకున్నది రోడ్డు మీదే వెతుక్కోవాలి.”

అలా అద్దెకి తెచ్చిందే ఆ క్యాంపర్ వ్యాను. అంటే ఇల్లూ బండీ కలిసిన వ్యవహారం. లోపల పడకలు, చిన్న పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, బీరువా అంత మరుగుదొడ్డి. పెద్దావిడ ఆ మరుగుదొడ్డి తలుపు ఒకసారి తెరిచి చూసి, “అన్నం తినే చోటికి చెయ్యి చాస్తే అందేంత దూరంలోనా? నా వల్ల కాదు తల్లీ,” అని అందులో దుప్పట్లు సర్దేసింది.

సముద్రం పక్కనే ప్రయాణం. మా తోడల్లుడు, వదిన, పెద్దావిడ, వాళ్ల కూతురు. ఆ పిల్లని అందరూ పిడుగంటారు. తాతపోలిక. పొద్దున్నే కిటికీలోంచి సగం బయటికి వేలాడి, వ్యాను రేకు మీద రెండు దెబ్బలు వేస్తే తప్ప బండి కదిలేది కాదు. పిల్లకది ఆట. పెద్దావిడ మాత్రం ఆ చప్పుడికి ప్రతిసారీ కళ్లు మూసుకునేది.

“కొట్టకే. అది ఆయన చెయ్యి.”

“మరి నాన్న పోనివ్వడు కదే, నానమ్మా!”



ఏం చూశారంటే అన్నీ చూశారు. లైటుహౌసు చూశారు, బండల మధ్య ఈలవేసే గుహ చూశారు.

“నాన్నా, అటు చూడు, అల ఎంత ఎత్తు లేచిందో!”

“ఊఁ.”

“చూడకుండానే ఊఁ అంటావేంటి?”

“ఊఁ.”

ఆ సాయంత్రం పెట్రోలు బంకు దగ్గర టైర్లకి గాలి కొట్టే మనిషి, వ్యాను లోపలికి తొంగి చూసి చెప్పాడు. “ముందు తరుగు మలుపుంది. ఆగకండి. ఆగితే మాత్రం, తలకాయలు లెక్క చూసుకుని బయల్దేరండి.”

మా వదిన నోరు ఊరుకోదు. “ఒకరు తగ్గితే మంచిదేనయ్యా, పడకలు ఇరుగ్గా ఉన్నాయి,” అంది. పిడుగు పకపకా నవ్వింది. గాలి కొట్టే మనిషి నవ్వలేదు.

చీకటి పడ్డాక పొగమంచు దిగింది. మామూలుగా కాదు... హెడ్‌లైటు వెలుతురు బానెట్టు దాటితే ఒట్టు. ఒక పక్క అడుగున సముద్రం. రోడ్డు పక్కన కాస్త జాగా కనిపిస్తే మా తోడల్లుడు అక్కడే ఆపేశాడు. అదే మలుపని నలుగురికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

తిన్నారు. పడుకున్నారు. ఆయన మాత్రం స్టీరింగు ముందు సీట్లోనే, కళ్లు తెరుచుకుని.

“భయం వెయ్యలేదా అన్నయ్యా?” అని మెట్ల మీద నేను మధ్యలో అడిగాను.

“భయం వెయ్యాలంటే లోపల మనిషుండాలి కదా,” అన్నాడు.

ఎంతసేపు గడిచిందో తెలీదు. కింద సముద్రం... పైన గాలి... మధ్యలో ఆయన.

అప్పుడు —

దబ్.

ఎడం పక్క రేకు మీద. అరచేత్తో కొట్టినట్టు.

ఆయన చెయ్యి తాళం మీదికి వెళ్లింది... ఆగింది.

దబ్.

రెండు.

అంతే. తాళం తిరిగింది, గేరు పడింది, బండి కదిలింది. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు — ఆ ఆలోచన రానేలేదట. “కొట్టారు. పోనిచ్చాను,” అన్నాడు. పైగా ఆ మంచులో, ఆ అంచున, బండి వెన్న మీద కత్తిలా జారిపోయిందట. తండ్రి పోయాక అంత హాయిగా ఎప్పుడూ నడపలేదట.

కొంత దూరం వెళ్లాక మా వదినకి మెలకువ వచ్చింది. ముందుకొచ్చి, గుసగుసగా అడిగింది.

“ఎక్కడికి?”

“కొట్టారు.”

“ఎవరు?”

“పిడుగు.”

“అది నా పక్కలో నిద్రపోతోంది...”

బండి పోతూనే ఉంది. మా వదిన చేత్తో తడుముకుంటూ వెనక్కి వెళ్లింది. స్విచ్చి వేసింది. పై పడక మీద పిల్ల. కింద, కిటికీ పక్కన... మడత పెట్టిన దుప్పటి. దాని మీద దిండు. అంతే.

“ఏమండీ...” అంది. “ఏమండీ... అత్తయ్య లేరు.”

నలుగురిలో ఒకరు. తరుగు.

బ్రేకు పడింది. గిన్నెలన్నీ ఒక్కసారి కింద పడ్డాయి. పిల్ల లేచి ఏడుపందుకుంది. ఆ రోడ్డు మీద పగలే వెనక్కి తిప్పడం కష్టం. వెనక నిలబడి “రానీ, రానీ” అని చెప్పేవాళ్లు లేరు. ఆయన వెనక్కి కొట్టాడు, ముందుకి కొట్టాడు, వెనక చక్రం కింద రాళ్లు జారి ఎక్కడో కింద నీళ్లలో పడ్డ చప్పుడు మా వదినకి వినబడింది. పిల్లని గుండెకి అదుముకుని నోరు మూసుకుంది. బండి తిరిగింది.

అద్దం దించి, తల బయటపెట్టి, “అమ్మా!” అని ఒక్క కేక వేశాడట. తండ్రి శవం పక్కన కూడా రాని గొంతు. దారి పొడుగునా అదే కేక. అమ్మా... అమ్మా...

కొండ తిరిగి అదే మాట అప్పజెబుతోంది.

మలుపు దగ్గర ఎవరూ లేరు. లైట్ల ముందు మంచు తప్ప ఏమీ లేదు. దిగాడు. అంచు వైపు నాలుగడుగులు వేశాడు... అక్కడ, గట్టు రాయి మీద, నెత్తిన ముసుగేసుకుని ఏదో కూర్చుని ఉంది. కదలదు. పలకదు.

“అ... అమ్మా?”

ముసుగు తిరిగింది.

“వచ్చావా! పోయినవాడివి అటే పోకపోయావా, దరిద్రుడా! చెప్పు తెగి నేను ఇక్కడ ఏడుస్తుంటే, బండేసుకుని ఊరేగుతావా?”

పెద్దావిడే. చేతిలో నీళ్ల సీసా, రెండో చేతిలో తెగిన చెప్పు. ఆ బీరువా అంత మరుగుదొడ్డి మనసొప్పక, ఎవరినీ లేపడం ఇష్టం లేక, చప్పుడు చెయ్యకుండా వెనక తలుపు తీసుకుని దిగి బండల చాటుకి వెళ్లింది. ఆ వ్యాను తలుపు బయటికెళ్లి మూస్తే దానంతటదే గొళ్లెం పడిపోయే రకం.

మా తోడల్లుడు ఆవిడ ముందు రోడ్డు మీద కూలబడ్డాడు. ఆవిడ ఒళ్లో తల పెట్టాడు. ఏడిచాడో లేదో మంచులో మా వదినకి కనబడలేదు గానీ, పెద్దావిడ చెప్పు కింద పెట్టి, కొడుకు వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచిందట.

బండెక్కాక మా వదిన నవ్వు ఆపుకోలేకపోయింది. భయం తీరాక వచ్చే నవ్వు, పొట్ట నొప్పి పుట్టే నవ్వు.

“బావుంది అత్తయ్యా! మీరు తలుపు తీయమని రెండు కొట్టారు. మీ అబ్బాయి రైట్ రైట్ అనుకుని చక్కా పోయాడు. దెయ్యం మలుపూ లేదు, పాడూ లేదు. మన ఇంటి చాదస్తమే మనల్ని మింగబోయింది!”

పిడుగు నవ్వింది. మా తోడల్లుడు కూడా ఒక పెదవితో నవ్వాడట.

పెద్దావిడ నవ్వలేదు. దుప్పటి కప్పుకుంటున్నదల్లా ఆగింది.

“రెండేమిటే?” అంది. “నేను కొట్టింది ఒకటే.”

మా వదిన నవ్వు సగంలో ఆగింది.

“కండక్టరు పెళ్లాన్ని. రెండు కొడితే బండి పోతుందని నాకు తెలీదా? అసలే వీడు చెయ్యి చప్పుడుకి కాచుకుని కూర్చున్నాడు. అందుకే లెక్కగా... ఒకటే కొట్టాను.”

కింద సముద్రం బండలని బాదుతోంది.

మా తోడల్లుడు లేచి తలుపు గొళ్లెం చూశాడు. లోపలున్నవాళ్లని ఒక్కొక్కరినీ వేలితో తాకాడు. సీట్లో కూర్చున్నాడు. ఎవరూ ఏమీ కొట్టలేదు. తనే తాళం తిప్పాడు, తనే పోనిచ్చాడు. ఇప్పటికీ అంతే. సెలవయ్యాక మేనేజరు ఎదుట బస్సు తీసి డిపో చుట్టూ తిప్పాడు. షెడ్డు ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇదంతా చెప్పి మెట్ల మీద నుంచి లేవబోయాడు. నేనున్నానే, చీకటి పడుతోందని తెలిసి కూడా నోరు జారాను. ఏదో ఓదార్పు మాట అన్నట్టు ఉంటుందని, “అయితే అన్నయ్యా... ఆ రెండోది పెద్దాయనే కొట్టి ఉంటారు. నిన్ను కదిలించడానికి,” అన్నాను.

ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. అదే అనౌన్సుమెంటు గొంతుతో, నా వైపు చూడకుండా అన్నాడు.

“కాదు. నాన్న అయితే, అమ్మ ఎక్కకుండా రైట్ కొట్టడు.”