అయిదో గేరు

సాలమన్ చేతికి లొంగని బండి దోహాలో లేదని తోటి పనివాడు మస్తాన్ ఊరంతా చెప్పేవాడు. సాలమన్ ఏనాడూ కాదనలేదు. పొగడ్త చెవిన పడితే అడ్డం చెప్పడం అతని ఒంట్లోనే లేదు. నరసాపురం లారీ షెడ్డులో పన్నెండేళ్ళు, ఇక్కడ ఇండస్ట్రియల్ ఏరియా గరాజులో నాలుగేళ్ళు పనిచేశాడు. గేర్‌బాక్స్ మీద చెయ్యి ఆనించి, లోపల ఏ బేరింగ్ ఏడుస్తోందో చెప్పేవాడు. ఆ మాత్రం టెక్కు ఉండడంలో తప్పేముంది అనుకునేవాడు.

అది 1996 జూన్. ఆ నెలలో అతనికి కావలసింది ఒక్కటే, ఒక కాగితం. ఖతర్ దాటి ఇంటికి వెళ్ళాలంటే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, సంతకం చేసిన ఖురూజ్ కాగితం ఉండాలి. కఫీల్ అబూ నాసర్ ఆ సంతకాన్ని రెండేళ్ళుగా రేపు, ఎల్లుండి అంటూ నడిపిస్తున్నాడు. సాలమన్ ఇక్కడికి వచ్చిన అయిదో నెలలో నరసాపురంలో కూతురు పుట్టింది. పేరు ఫెబి. మూడున్నరేళ్ళ పిల్ల. అతను ఒక్కసారైనా ఎత్తుకోలేదు. ఫోన్‌లో "నాన్నా, బొమ్మ తేవా?" అనే గొంతు మాత్రం తెలుసు.

అబూ నాసర్‌కి వాళ్ళ నాన్న వదిలివెళ్ళిన పాత అమెరికన్ పికప్ ఒకటుంది. అరవై ఏడో మోడల్, ఆకుపచ్చ రంగు. చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉంటుంది కానీ మూడే గేర్లు. డెబ్భై దాటితే ఇంజన్ గొంతు చించుకుంటుంది. దాంట్లో సాల్వా రోడ్డు మీద బోర్డరు దాకా హాయిగా వెళ్ళిరావాలని అబూ నాసర్ కోరిక. అంటే ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్స్ వెయ్యాలి. దాని టాప్ గేరులో ఇంజన్ ఒక చుట్టు తిరిగేలోపు వెనక షాఫ్టు ఒకటింపావు చుట్లు తిరుగుతుంది. బండి పరిగెడుతుంది, ఇంజన్ సేదతీరుతుంది.

"జుమ్మా కో గాడీ, జుమ్మా కో ఖురూజ్" అన్నాడు అబూ నాసర్. శుక్రవారం బండి ఇస్తే, శుక్రవారమే కాగితం.

మంగళవారం పొద్దున్నే సాలమన్ స్క్రాప్ యార్డుకి వెళ్ళాడు. ఎండకి కాలిన రబ్బరు, తుప్పు, పాత నూనె కలిసిన వాసన. యార్డు చూసుకునే లియాఖత్ అలీ హైదరాబాద్ మనిషి, అరవై దాటాయి. ఆయన రేకుల కింద రెండు గేర్‌బాక్సులు చూపించాడు.

ఒకటి ఇనుప పెట్టె. నాలుగు గేర్లు, నాలుగోది ఓవర్‌డ్రైవ్. మొండిది, బరువైనది, ఏనుగు తొక్కినా చెక్కుచెదరదు. కానీ మూడుకీ నాలుగుకీ మధ్య చాలా ఎడం. పైగా అది పట్టాలంటే ఛాసిస్ అడ్డపట్టీ కోసి మళ్ళీ వెల్డింగ్ చెయ్యాలి. వారం పని. రెండోది అయిదు గేర్లది. అల్యూమినియం పెట్టె, పొడవు సరిగ్గా సరిపోతుంది. లోపల పళ్ళు కొత్తవాటిలా మెరుస్తున్నాయి.

"ఇదే తీసుకుంటాను చాచా" అన్నాడు సాలమన్.

లియాఖత్ అలీ గడ్డం గోక్కున్నాడు.

"ఇనుపది తీస్కపో బేటా. ఇది ఇంకా అయిదులనే ఉన్నది."

"ఉంటే ఏమైందండి?"

"మా యార్డుల ఒక కాయిదా ఉన్నది. మనిషి సచ్చిన బండి వస్తే ముందుగాల న్యూట్రల్ చేస్తం. తర్వాతనే పానా పెడ్తం. నడిపినోనికి తెల్వాలె గద, సఫర్ అయిపోయింది, ఇగ దిగాలెనని. దీనికి చెయ్యలే. గేర్ రాడ్డు విరిగిపోయింది."

"విరిగి ఎక్కడికి పోయింది?"

"వాని ఛాతిల." ముసలాయన గొంతు తగ్గించాడు. "జగిత్యాల దిక్కు మనిషి. దుఖాన్ ఆయిల్ క్యాంపు నుంచి ఎయిర్‌పోర్టుకు ఉరుకుతున్నడు, లీవు మీద. ట్రైలర్ కిందికి పోయిండు. బిడ్డ పుట్టినప్పటి సంది చూడలేదంట. పోలీసులు పీకేటప్పుడు గూడ వాని చెయ్యి రాడ్డు మీదనే ఉన్నది."

సాలమన్ మళ్ళీ పెట్టె వంక చూశాడు.

"మూత విప్పి, న్యూట్రల్ చేసి తీస్కపో. అరగంట పని. గేటు దాటకముందే చెయ్యాలె."

అరగంట పనే. కానీ సాలమన్ పనితనం అడ్డొచ్చింది. పెట్టె గేరులో ఉంటేనే అమర్చడం సులువని ప్రతి మెకానిక్‌కీ తెలుసు. వెనక షాఫ్టు చేత్తో తిప్పితే ముందు షాఫ్టు కూడా తిరుగుతుంది, దాని పళ్ళు క్లచ్ ప్లేటు పళ్ళలో చక్కగా కూర్చుంటాయి. అయిదులో ఉన్నది అయిదులోనే ఉండనీ, బిగించాక న్యూట్రల్ చేస్తే సరి అనుకున్నాడు. ముసలాయన తల తిప్పుకున్నాడు. పెట్టె గేటు దాటేదాకా మళ్ళీ ఇటు చూడలేదు.

గురువారం మధ్యాహ్నం బండి కింద ఇద్దరూ వెల్లకిలా పడుకున్నారు. మస్తాన్‌ది ఒంగోలు, వెల్డర్. చెయ్యి సాయం కావాలంటే కాదనడు. పెట్టె జాకీ మీద ఉంది. మస్తాన్ ముందువైపు వేళ్ళతో పట్టి దారి చూపిస్తున్నాడు. సాలమన్ వెనక షాఫ్టు తిప్పుతున్నాడు. ఇంకో రెండంగుళాలు పోవాలి.

"ఆపన్నా, చెయ్యి ఇరుక్కునేట్టుంది" అన్నాడు మస్తాన్.

సాలమన్ ఆపాడు. రెండు చేతులూ తీసేశాడు.

షాఫ్టు తిరుగుతూనే ఉంది.

మెల్లగా... నూనెలో నానిన చప్పుడుతో... ఒక చుట్టు. ఇంకో చుట్టు.

"అన్నా, తిప్పొద్దు! చెయ్యుందంటంటే!"

"నేను తిప్పట్లేదురా..."

అరవై కిలోల పెట్టె ఎవరో వెనకనుంచి తన్నినట్టు ముందుకు దూకింది. ఎముక నలిగిన శబ్దం ఇనుము శబ్దం కంటే ముందు వినిపించింది. మస్తాన్ అరుపుకి పక్క షెడ్డుల వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. పెట్టెని గడ్డపారతో వెనక్కి పెగల్చాల్సి వచ్చింది. మూడు వేళ్ళు కణుపుల దాకా లేవు. రక్తం, గేరు నూనె కలిసి సాలమన్ మెడ మీదకి వెచ్చగా కారాయి.

ఆస్పత్రి నుంచి సాలమన్ సాయంత్రం ఒక్కడే తిరిగొచ్చాడు. జాకీ జారిందని అందరికీ చెప్పాడు. తనకీ అదే చెప్పుకున్నాడు. పెట్టె అంచున అంటుకుని ఉన్నదాన్ని గుడ్డతో తుడిచాడు. ఏం తుడిచాడో చూడలేదు. బోల్టులు బిగిస్తుంటే ఏడుపొచ్చింది, అయినా ఆపలేదు. ఫెబి, ఫెబి అనుకుంటూ బిగించాడు. కొత్త రాడ్డు పెట్టి కదిపితే అది వెన్నలా న్యూట్రల్‌లోకి వచ్చింది. చూశావా చాచా అని గట్టిగా నవ్వాడు. ఖాళీ షెడ్డులో ఆ నవ్వు అతనికే నచ్చలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి టెస్టుకి తీశాడు. ఉత్తరం నుంచి షమాల్ గాలి లేచింది. సాల్వా రోడ్డు మీద దుమ్ము పాములా పాకుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... అయిదులోకి వేశాడు. ఇంజన్ ఒక్కసారిగా సద్దుమణిగింది. ఎంత హాయి! గాలి చప్పుడు, టైర్ల చప్పుడు తప్ప మరేమీ లేదు. సాలమన్ ఒక్కడే ఉన్నా "నీయబ్బ, అదీ పనంటే!" అన్నాడు పైకే.

దుమ్ము చిక్కబడింది. పట్టపగలే చీకటి పడింది. ముందున్న రోడ్డు పది అడుగులకి మించి కనబడటం లేదు. నాలుగులోకి దించుదామని క్లచ్ తొక్కాడు.

రాడ్డు రాలేదు.

క్లచ్ అడుగుదాకా తొక్కాడు. బండి వేగం తగ్గలేదు. బ్రేకు తొక్కాడు. కాలు కింద మెత్తగా దిగిపోయింది. తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు.

ఇంజన్ ఆగింది.

బండి ఆగలేదు.

తొంభై... నూరు... నూట పది... ముల్లు ఎక్కుతోంది. ఒంటె ఒకటి దుమ్ములోంచి అడ్డం వచ్చింది. తప్పించేలోపే తన పక్కనున్న అద్దం దాని తొడని కోసుకుంటూ పోయింది. రక్తం కిటికీలోంచి అతని మొహం మీద కొట్టింది. ఒంటె అరుపు వెనక్కి పోయింది. రాడ్డు మీద చెయ్యి తీద్దామనుకున్నాడు. రాలేదు. పైన ఇంకో చెయ్యి ఉంది. చల్లగా, జిడ్డుగా, అతని వేళ్ళని రాడ్డుకేసి నొక్కి పట్టుకుని ఉంది.

గేరు నూనె వాసన. దాని వెనక ఇంకో వాసన.

రాడ్డు వంగడం మొదలుపెట్టింది. అతని వైపే. దాని కొసనున్న గుండు పక్కటెముకల కింద ఆనింది... నొక్కింది... చొక్కా పటుక్కున చిరిగింది. రెండో చేత్తో పానా తీసుకుని రాడ్డు మీద కొట్టాడు. దెబ్బ తన ఎముకకే తగిలింది. లోపల ఏదో విరిగింది.

చెవి పక్కనే, ఊపిరి లేని గొంతు.

"అన్నా... ఇంకెంత దూరమున్నది?"

సాలమన్ యేసయ్యా అన్నాడు. అది తప్ప ఏ ప్రార్థనా గుర్తుకు రాలేదు.

"నా బిడ్డ ఎదురు చూస్తున్నది... ఇంకెంత దూరం?"

దుమ్ములో ఎదురుగా రెండు పెద్ద లైట్లు. ట్రైలర్. హారన్ మోగుతోంది. రాడ్డు చర్మం లోపలికి దిగింది.

"నేనూ ఇంటికే పోతున్నాను!" సాలమన్ గొంతు పగిలిపోయింది. "నాకూ పాపుంది... వదులు... నన్ను వదిలితే... నాతోపాటు తీసుకెళ్తాను... ఇంటిదాకా తీసుకెళ్తాను!"

చెయ్యి వదిలింది.

స్టీరింగ్ తిప్పాడు. ట్రైలర్ గాలి తలుపుని ఊడబెరికినంత పనిచేసి దాటిపోయింది. బండి ఇసుకలోకి దిగి ఆగింది. రాడ్డు తిన్నగా నిలబడి ఉంది, ఏ వంపూ లేకుండా. చొక్కా మీద మాత్రం నాణెమంత రక్తపు మరక.

తిరిగి వస్తున్నప్పుడు నాలుగో గేరు దాటలేదు. బ్రేకులు ఎప్పటిలా పట్టాయి. అద్దం మీద రక్తం కడిగి, సొట్ట సరిచేసి, వేరే చొక్కా తొడుక్కున్నాడు. అయిదింటికి అబూ నాసర్ వచ్చాడు. చేతిలో కాగితం ఉంది.

"యల్లా సాలమన్. ఖలాస్?"

చెప్పాలనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. అయిదులో వెయ్యొద్దు అర్బాబ్ అంటే చాలు. కానీ వెయ్యకూడని గేరున్న బండికి సంతకం ఎందుకు పెడతాడు?

"ఖలాస్ అర్బాబ్" అన్నాడు. "మంచి గేర్‌బాక్స్."

అబూ నాసర్ బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. ఆ పెన్ను కదిలినంతసేపూ సాలమన్ రాడ్డు వంక చూడలేదు.

ఆ రాత్రే విమానం ఎక్కాడు. బొంబాయి నుంచి రైలు. దారి పొడవునా పక్క సీటు ఖాళీ. జనం కిక్కిరిసి నిలబడ్డా అక్కడెవరూ కూర్చోలేదు. అతను దాని గురించి ఆలోచించదలచుకోలేదు.

సోమవారం పదింటికి ఇంటి ముందు ఆటో దిగాడు. ఫెబి ముందు భయపడింది, తర్వాత బొమ్మని చూసింది, తర్వాత అతని మెడ పట్టుకుంది. ఆ చిన్న చేతుల బరువుకి విరిగిన పక్కటెముక కలుక్కుమంది. హాయిగా ఏడ్చాడు. భార్య లూర్దమ్మ పొయ్యి మీద చేపల పులుసు పెట్టింది.

పన్నెండున్నరకి ఎదురింటి టీచరుగారు కేకేశారు, దోహా నుంచి ఫోనని. సాలమన్ రోడ్డు దాటి వెళ్ళాడు.

"అన్నా..." అటు మస్తాన్ గొంతు. "అర్బాబ్ పోయాడన్నా. శుక్రవారం రాత్రే. సాల్వా రోడ్డులో. రాడ్డు ఛాతీలో దిగింది."

సాలమన్ రిసీవర్ చెవికి అదుముకున్నాడు.

"బండి చాచా యార్డుకొచ్చింది. అయిదులోనే ఉందంట. ముగ్గురు కలిసి లాగినా న్యూట్రల్ కాలేదంట. ఇయ్యాల పొద్దున దానంతటదే పడిందంటన్నా, టప్పుమని. ఎవురూ ముట్టుకోలేదు. చాచా నిన్ను అడగమన్నాడు..."

"ఎన్నింటికి?"

"ఇక్కడ ఏడున్నర. అంటే మన దగ్గర పది. ఎవుర్నన్నా దించి వచ్చావా అని అడగమన్నాడు."

సాలమన్ ఫోను పెట్టకుండానే రోడ్డు దాటాడు. వంటింట్లో పీటలు వేసి ఉన్నాయి. రెండు కంచాలు. రెండింట్లోనూ అన్నం పొగలు కక్కుతోంది.

"ఆ రెండో కంచం ఎవరికి?"

"మీతో వచ్చినాయనకి" అంది లూర్దమ్మ. "మీరు అటు వెళ్ళారు, ఆయన ఇటు వచ్చాడు. అన్న తీసుకొచ్చిండు అన్నాడు. మాట తెలంగాణా వాళ్ళలా ఉంది. పాపం, ఛాతీ మీద తువ్వాలు అదిమిపట్టుకుని ఉన్నాడండి, ఏం దెబ్బ తగిలిందో. కాళ్ళు కడుక్కుంటానని దొడ్లోకి వెళ్ళాడు. పిలవండి, చల్లారిపోతోంది."

"ఫెబి ఏది?"

"ఆయనే ఎత్తుకున్నాడు. బిడ్డా అన్నాడు, చటుక్కున వెళ్ళిపోయింది. కొత్త అనుకోనేలేదు."

దొడ్డి తలుపు తీసి ఉంది. చెంబులో నీళ్ళు అలాగే ఉన్నాయి. గట్టు మీద బొమ్మ, దాని గౌను మీద నల్లటి నూనె వేలిముద్రలు. సాలమన్ ఫెబిని పేరు పెట్టి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు.

సందు చివర రోడ్డు మీద ఏదో బండి కదిలింది. ఆ చప్పుడు అతనికి తెలుసు. ఒకటి... రెండు... మూడు... నాలుగు...

తర్వాత ఇంజన్ సద్దుమణిగింది.